కదలనివ్వని కెమెరా: లీనా హార్న్ ఆట, పాట

1933లో న్యూయార్క్ హార్లెంలోని కాటన్ క్లబ్‌లో కోరస్ డాన్సర్‌గా చేరేనాటికి, తర్వాత గాయనిగా, సినిమా నటిగా పేరు తెచ్చుకున్న లీనా హార్న్‌కి పదహారేళ్లు. ఆ క్లబ్‌లో కోరస్ అమ్మాయిల ఎంపికకి లెక్కలుండేవి. ఎత్తు కనీసం ఐదడుగుల ఆరంగుళాలు ఉండాలి, వయసు ఇరవై ఒకటి దాటకూడదు, ఒంటి రంగు లేతగా ఉండాలి. వేదిక మీద ఆడేవాళ్లు, పాడేవాళ్లు, వాయించేవాళ్లు అందరూ నల్లజాతివాళ్లే. బల్లల దగ్గర కూర్చుని చూసేవాళ్లు మాత్రం తెల్లవాళ్లు. యజమాని ఓనీ మాడెన్ దొంగసారా వ్యాపారంలో పైకొచ్చిన గ్యాంగ్‌స్టర్. రాత్రికి మూడు షోలు, వారానికి ఇరవై ఐదు డాలర్లు. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఇంట్లో పొయ్యి వెలగడానికి ఆ డబ్బు కావాలి కాబట్టి లీనా చదువు మానేసి అక్కడ చేరింది.

ఆమె పుట్టిన ఇల్లు చూస్తే ఇది విచిత్రంగా అనిపిస్తుంది. 1917 జూన్ 30న బ్రూక్లిన్‌లో పుట్టింది. నాయనమ్మ కోరా కాల్‌హూన్ హార్న్ చదువుకున్న మనిషి. ఆడవాళ్ల ఓటు హక్కు కోసం, నల్లవాళ్ల హక్కుల కోసం పనిచేసిన మనిషి. మనవరాలికి రెండేళ్లు నిండగానే నల్లజాతి హక్కుల సంఘం ఎన్.ఏ.ఏ.సి.పి.లో సభ్యురాలిగా చేర్పించింది. సంఘం పత్రికలో ఆ పసిపిల్ల ఫొటో కూడా వేశారు. తండ్రి టెడ్డీ హార్న్ జూదం, నంబర్లాట మీద బతికే దర్జా మనిషి, పిల్ల చిన్నగా ఉండగానే ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. తల్లి ఎడ్నాకి నాటకాల పిచ్చి. ట్రూపులతో ఊళ్లు తిరుగుతూ, పిల్లని కొన్నాళ్లు బంధువుల ఇళ్లలో, కొన్నాళ్లు తెలిసినవాళ్ల ఇళ్లలో దక్షిణాది రాష్ట్రాల్లో ఉంచేది. నాయనమ్మ నేర్పిన బిగువు, తల్లి నుంచి వచ్చిన వేదిక మోజు, ఈ రెండూ ఒకదానితో ఒకటి పడనివి. లీనా జీవితమంతా ఆ రెండింటి మధ్య లాగులాటలాగే సాగింది.

కాటన్ క్లబ్‌లో ఆమె పని ముందు వరుసలో నిలబడి అడుగులు కలపడం. గొంతు గురించి ఎవరూ అడగలేదు. ఆ ఏడాది వసంతంలోనే ఎథెల్ వాటర్స్ అదే వేదిక మీద 'స్టార్మీ వెదర్' పాట పాడి ఊరంతా మోగించింది. ఆ పాట తర్వాత తన పేరుతోనే జనం నోట నానుతుందని కోరస్‌లో కొత్తగా చేరిన ఈ పిల్ల ఊహించి ఉండదు. 1934లో క్లబ్ కొత్త షోలో ఏవన్ లాంగ్ అనే డాన్సర్‌తో కలిసి ఒక పాట పాడుతూ ఆడే అవకాశం వచ్చింది. కోరస్ వరుస నుంచి ఒకడుగు ముందుకి రావడం అదే మొదలు. అప్పట్లో తనని గాయని అనడం కష్టమేనని, ఏదో శ్రుతి తప్పకుండా పాడేదాన్నని తర్వాత ఆమే చెప్పుకుంది. అందులో అబద్ధమేమీ లేదు. 1936లో నోబుల్ సిసిల్ బ్యాండ్‌తో చేసిన తొలి రికార్డులు వింటే గొంతు పల్చగా, బెరుగ్గా ఉంటుంది. ఒక్క విషయం మాత్రం అప్పటికే కుదిరింది. తాళం ఎక్కడా జారదు. రాత్రికి మూడుసార్లు జాజ్ బ్యాండ్ ముందు అడుగు వేసిన పిల్లకి లయ కాళ్లలోంచి గొంతులోకి ఎక్కింది.

కాటన్ క్లబ్ నుంచి బయటపడటం కూడా తేలిగ్గా జరగలేదు. కూతురికి ఇంకా మంచి అవకాశాలు ఇవ్వమని అడిగినందుకు సవతి తండ్రిని క్లబ్ మనుషులు చావగొట్టారు. ఆ కుటుంబం దాదాపు పారిపోయినట్టే ఊరొదిలి వెళ్లింది. సిసిల్ బ్యాండ్, పిట్స్‌బర్గ్‌లో పెళ్లి, ఇద్దరు పిల్లలు, పెళ్లి చెడిపోవడం, మళ్లీ న్యూయార్క్. 1940 చివర్లో చార్లీ బార్నెట్ బ్యాండ్‌లో చేరింది. బార్నెట్ తెల్లవాడు, బ్యాండ్ అంతా తెల్లవాళ్లు. అలాంటి బ్యాండ్‌తో ఊళ్లు తిరిగిన నల్లజాతి గాయనులు అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. హోటల్లో గది దొరకడమే రోజూ ఒక టెన్షన్.

ఆమె నిజంగా పాట నేర్చుకున్నది మాత్రం 1941లో, కెఫే సొసైటీలో. బార్నీ జోసెఫ్‌సన్ న్యూయార్క్‌లో నడిపిన ఆ చిన్న క్లబ్‌లో నల్లవాళ్లు, తెల్లవాళ్లు పక్కపక్కన కూర్చుని చూడొచ్చు. అప్పటికి అది అక్కడ కొత్త సంగతి. జాజ్ గాయని బిల్లీ హాలిడే రెండేళ్ల ముందు ఆ క్లబ్‌లోనే పాడింది. కాటన్ క్లబ్‌లో కోరస్ పిల్ల ముఖం చూసేవాళ్లు తక్కువ, ఇక్కడ ముఖం తప్ప చూడటానికి ఏమీ లేదు. ఇరుకు వేదిక, ఒక చిన్న బ్యాండ్, ఒక లైటు. నటుడు, గాయకుడు పాల్ రోబ్సన్ ఆమెకి పరిచయమైంది అక్కడే. నాయనమ్మ గురించి తెలిసిన రోబ్సన్, ఆమె ఎవరి మనవరాలో ఆమెకే గుర్తుచేశాడు.

ఆ తర్వాత హాలీవుడ్. 1942లో ఎం.జి.ఎం. స్టూడియో ఆమెతో ఏడేళ్ల కాంట్రాక్టు రాసుకుంది. పెద్ద స్టూడియో ఒక నల్లజాతి నటితో అలాంటి దీర్ఘకాల ఒప్పందం చేసుకోవడం దాదాపు అదే మొదలు. దీని వెనక రాజకీయం ఉంది. అప్పటిదాకా తెర మీద నల్లజాతి స్త్రీ అంటే పనిమనిషి, లేదంటే అడవి మనిషి. ఎన్.ఏ.ఏ.సి.పి. నాయకుడు వాల్టర్ వైట్ ఆ పద్ధతి మార్చాలని స్టూడియోల మీద ఒత్తిడి తెస్తున్నాడు. లీనా రూపంలో ఆయనకి ఒక అవకాశం కనిపించింది. ఇక తండ్రి టెడ్డీ మంచి సూటు వేసుకుని స్టూడియో అధిపతి లూయిస్ బి. మేయర్ దగ్గరికి వెళ్లి, నా కూతురికి పనిమనిషిని పెట్టగల స్తోమత నాకుంది, అలాంటప్పుడు ఆమె సినిమాలో పనిమనిషి వేషం ఎందుకు వెయ్యాలి అని అడిగాడట. ఎప్పుడో ఇల్లు వదిలిపోయిన తండ్రి సరిగ్గా అవసరమైన రోజున ప్రత్యక్షమవడం ఈ కథలో ఒక తమాషా.

పనిమనిషి వేషం తప్పింది, బాగానే ఉంది. మరి ఏ వేషం ఇవ్వాలి? స్టూడియో దగ్గర దీనికి జవాబు లేదు. తెల్ల నాయికలకి స్నేహితురాలిగా వేస్తే, జాతి వివక్ష బలంగా ఉన్న అమెరికా దక్షిణాదిలో గొడవ. నాయికగా వేస్తే పక్కన ఎవరిని పెట్టాలి అని ఇంకో గొడవ. అందుకని ఒక ఉపాయం కనిపెట్టారు. కథ ఏదో నడుస్తూ ఉంటుంది. మధ్యలో ఒక నైట్‌క్లబ్ వస్తుంది. లీనా హార్న్ మెరిసే గౌను వేసుకుని వచ్చి, ఒక పాట పాడి, వెళ్లిపోతుంది. ఆమెతో ఎవరూ మాట్లాడరు, ఆమె ఎవరితోనూ మాట్లాడదు. ఆ రీలు ముక్క తీసేసినా కథకి చిల్లు పడదు. సరిగ్గా అందుకే అలా తీశారు. దక్షిణాది ఊళ్లలో ఆ ముక్క కోసేసి సినిమా ఆడించేవారు. మెంఫిస్ సెన్సార్ బోర్డు పెద్ద లాయిడ్ బిన్‌ఫర్డ్ ఈ కోతలకి పేరు మోసినవాడు.

మన సినిమాల్లో ఐటమ్ సాంగ్ కూడా కథతో సంబంధం లేకుండానే వస్తుంది. అయితే దాన్ని పెట్టేది జనాన్ని హాలుకి రప్పించడానికి, పంపిణీదారు దాన్ని తీస్తానంటే నిర్మాత ఒప్పుకోడు. లీనా పాటల సంగతి దానికి తలకిందులు. కోయడానికి వీలుగా ఉండాలన్నదే వాటి షరతు.

డాన్సర్‌గా ఆమెకి జరిగిన నష్టం ఇక్కడే మొదలైంది. ఆట అంటే తోడు కావాలి, బృందం కావాలి, జాగా కావాలి. ఒక నాయకుడితో కలిసి ఆడితే ఆ ముక్కని కొయ్యడం కష్టం, ఎందుకంటే అందులో నాయకుడు కూడా ఉంటాడు. ఒంటరిగా నిలబడి పాడితే రెండు చివర్లా కత్తెర వేస్తే చాలు. అందుకని ఎక్కువ సినిమాల్లో ఆమెని ఒక పాలరాతి స్తంభం పక్కనో, మెట్ల దగ్గరో, అద్దం ముందో నిలబెట్టారు. కదిలినా నాలుగడుగులే. తనని స్తంభానికి గుండుసూదితో గుచ్చిన సీతాకోకచిలుకలా తయారుచేశారని ఆమె తర్వాత అంది. మేయర్ స్టూడియోలో ఆమె ఏళ్ల తరబడి పడ్డ పాట్లకి ఇంతకన్నా సూటైన వర్ణన దొరకదు.

నల్లజాతి నటులతోనే తీసిన రెండు సినిమాలు 1943లో వచ్చాయి. వాటిలో ఆమెకి అసలైన పాత్రలు దొరికాయి. విన్సెంట్ మినెల్లీ తీసిన 'కాబిన్ ఇన్ ది స్కై' మొదటిది. అందులో నురుగు నిండిన తొట్టిలో స్నానం చేస్తూ పాడిన పాటని తీసేశారు. రెండోది 'స్టార్మీ వెదర్', ఫాక్స్ స్టూడియో వాళ్లు ఆమెని అరువు తెచ్చుకుని తీసింది. నాయకుడు, బూట్లతో నేల మీద తాళం కొట్టే టాప్ డాన్స్‌లో మహారథి బిల్ రాబిన్సన్, ఆమె కన్నా ముప్పై తొమ్మిదేళ్లు పెద్ద. తెలుగు ప్రేక్షకులకి ఈ తేడా మరీ వింతేమీ కాదు. ఫ్యాట్స్ వాలర్, క్యాబ్ కాలోవే, నికొలస్ సోదరులు, ఇంతమంది పేరున్న జాజ్, డాన్స్ కళాకారులు ఒకే సినిమాలో ఉన్నారు.

ఆ సినిమాలో పేరు పాట వచ్చే ఘట్టాన్ని కాస్త దగ్గరగా చూడాలి. లీనా కిటికీ పక్కన నిలబడి ఉంటుంది. బయట గాలివాన. ఆమె చేతులు పెద్దగా లేవవు, అడుగు పడదు, ముఖమే పాట మొత్తాన్నీ మోస్తుంది. పాట సగంలో ఉండగా కెమెరా కిటికీ అవతల తడిసిన వీధిలోకి పోతుంది. అక్కడ కాథరిన్ డనమ్ తన బృందంతో కనిపిస్తుంది, ఆట మొదలవుతుంది. వీధి కాస్తా కలలాంటి మరో చోటుగా మారిపోతుంది, డాన్సర్లు గాలికి ఊగే చెట్లలా వంగుతారు. ఆట ముగిశాక కెమెరా మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చేసరికి లీనా ఉన్నచోటే ఉంది. డనమ్ గొప్ప నర్తకి, మానవశాస్త్రం చదువుకున్న నృత్యదర్శకురాలు, ఆ ఆట ఆమెదే కావడంలో తప్పులేదు. కానీ కాటన్ క్లబ్‌లో కాళ్లతో పొట్టపోసుకున్న అమ్మాయి తన సొంత పాటలో ఆట మరొకరికి అప్పగించి నిలబడి ఉంది. పాట ఒకరిది, కదలిక ఇంకొకరిది అని అంత స్పష్టంగా పంచి చూపించిన ఘట్టం ఆ కాలపు సినిమాల్లో మరొకటి వెతకడం కష్టం.

రంగు విషయంలో స్టూడియో పడిన తికమక ఇంకో కథ. తెర మీద లీనాని చూసి ఏ లాటిన్ అమెరికా అమ్మాయో అనుకుంటారేమోనని వాళ్ల భయం. అందుకని మాక్స్ ఫాక్టర్ సంస్థ చేత ఆమె కోసం ప్రత్యేకంగా ముదురు మేకప్ చేయించారని, దానికి 'లైట్ ఈజిప్షియన్' అని పేరు పెట్టారని ఆమె చెప్పేది. ఆ తర్వాత అదే మేకప్ తెల్ల నటులకి పూసి మిశ్రమ జాతి పాత్రలు వేయించారట. 'షో బోట్' అనే సంగీత నాటకంలో జూలీ పాత్ర అలాంటిదే, తెల్లమనిషిగా చలామణి అవుతున్న నల్లజాతి గాయని. 1946లో ఇంకో సినిమాలో ఆ నాటకం నుంచి ఒక ముక్క పెట్టినప్పుడు లీనా జూలీగా పాడింది, అద్భుతంగా పాడింది. 1951లో పూర్తి సినిమా తీసినప్పుడు ఆ పాత్ర ఆవా గార్డ్‌నర్‌కి వెళ్లింది. జాతులు కలిసిన ప్రేమని తెర మీద చూపకూడదని అప్పటి సినిమా నియమావళిలో రాసి ఉంది. ఇద్దరు తెల్లవాళ్లు ఆ ప్రేమని నటిస్తే మాత్రం అభ్యంతరం లేదు!

యుద్ధ సమయంలో సైనిక శిబిరాల్లో పాడటానికి వెళ్లింది. అమెరికా సైన్యంలో అప్పటికి నల్లవాళ్లకి, తెల్లవాళ్లకి వేరువేరు దళాలు, వేరువేరు భోజనశాలలు. ఒక శిబిరంలో నల్ల సైనికుల కోసం అని పెట్టిన షోలో ముందు వరుసల్లో జర్మన్ యుద్ధఖైదీలు కూర్చున్నారు, వాళ్ల వెనక నల్ల సైనికులు. లీనా వేదిక దిగి, నడవలోంచి ఖైదీల వరుసలు దాటి వెళ్లి, వాళ్లకి వీపు పెట్టి, వెనక ఉన్న సైనికుల కేసి చూస్తూ పాడింది. సినిమాలో కదలనివ్వని మనిషి ఇక్కడ తన నిలబడే చోటు తనే ఎంచుకుంది.

1947లో ఆమె ఎం.జి.ఎం. సంగీత దర్శకుడు లెనీ హేటన్‌ని పారిస్‌లో పెళ్లి చేసుకుంది. ఆయన తెల్లవాడు, కాలిఫోర్నియా చట్టం అప్పటికి అలాంటి పెళ్లిని ఒప్పుకోదు. మూడేళ్లు దాచి 1950లో బయటపెట్టారు. అదే ఏడాది కమ్యూనిస్టుల సానుభూతిపరులంటూ కళాకారుల పేర్లు అచ్చువేసిన 'రెడ్ ఛానల్స్' పుస్తకంలో ఆమె పేరు వచ్చింది. వామపక్షవాదిగా ముద్రపడ్డ రోబ్సన్‌తో స్నేహమే పెద్ద నేరం. సినిమా, టీవీ తలుపులు మూసుకున్నాయి.

మిగిలింది నైట్‌క్లబ్. ఒక రకంగా అది మేలే చేసింది. అక్కడ కత్తెర లేదు, పాట మొదటి నుంచి చివరి దాకా ఆమెదే. బిల్లీ స్ట్రేహార్న్ శిక్షణ బాగా పనికొచ్చింది. డ్యూక్ ఎలింగ్టన్‌కి కుడిభుజం లాంటి ఆ స్వరకర్త లీనాకి ప్రాణస్నేహితుడు. ఆమె గొంతుకి ఏ శ్రుతి ఒప్పుతుందో, మాట ఎక్కడ విరవాలో దగ్గర కూర్చుని నేర్పినవాడు ఆయనే. 1957లో వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో ప్రేక్షకుల ముందే రికార్డు చేసిన ఆల్బమ్ ఆర్.సి.ఎ. రికార్డుల సంస్థలో అప్పటిదాకా ఏ గాయని ఆల్బమూ అమ్ముడుపోనంతగా అమ్ముడుపోయింది. అది వింటే ఆమె పద్ధతి తెలుస్తుంది. హల్లుల్ని కొరికినట్టు పలుకుతుంది. పదం చివర ఊపిరి బిగపట్టి, బ్యాండ్ దెబ్బకి సరిగ్గా వదులుతుంది. పదహారేళ్లప్పుడు కోరస్‌లో మడమ నేలకి కొట్టిన చోటే ఇప్పుడు మాట పడుతుంది.

ఆ రోజుల ప్రదర్శనలో ఒక చల్లదనం ఉందని చాలామంది అన్నారు, అదీ నిజమే. కళ్లు మెరుస్తాయి, పెదవి నవ్వుతుంది, కానీ మనిషి ఎక్కడో అందనంత దూరంలో ఉంటుంది. అది కావాలని చేసిందే. డబ్బిచ్చి చూసేవాళ్లకి పాట మాత్రమే ఇచ్చి, తనని తాను దాచుకున్నానని ఆమె తర్వాత ఒప్పుకుంది. అదే హోటళ్లలో కొన్నిచోట్ల పాడనిచ్చేవారు, గది మాత్రం ఇచ్చేవారు కాదు. అలాంటి చోట మనసు విప్పి పాడమని ఎవరైనా ఎలా అడుగుతారు?

1957లోనే న్యూయార్క్ పెద్ద నాటకశాలలున్న బ్రాడ్‌వేలో 'జమైకా' నాటకం వచ్చింది, ఐదువందల పైచిలుకు ప్రదర్శనలు నడిచింది, ఆమెకి నాటకరంగ అవార్డు టోనీకి నామినేషన్ తెచ్చింది. కథ అంతంతమాత్రం. ఈ నాటకంలో చెప్పుకోదగ్గ పేరు ఇంకొకటుంది. ప్రధాన డాన్సర్ ఆల్విన్ ఐలీ, ఆ మరుసటి ఏడాదే సొంత నృత్య సంస్థ పెట్టి అమెరికా ఆధునిక నృత్యం దారినే మళ్లించినవాడు.

అరవైల్లో ఆ దూరం, ఆ చల్లదనం నిలవలేదు. 1960లో బెవర్లీ హిల్స్ రెస్టారెంట్లో ఒక తాగుబోతు జాతి పేరుతో తిడితే యాష్‌ట్రే, బల్ల మీద దీపం, ఏది చేతికి దొరికితే అది వాడి మీదికి విసిరింది. పేపర్లలో వార్త వచ్చాక ఆమెకి ఉత్తరాలు వెల్లువెత్తాయి, నల్లవాళ్ల ఇళ్ల నుంచి. తాను ఒంటరి కాదని అప్పుడు తెలిసిందని ఆమె చెప్పింది. 1963 జూన్‌లో మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌తో ఒకే సభలో పాల్గొంది. కొద్దిరోజులకే, జూన్ 12న ఎవర్స్‌ని కాల్చి చంపారు. ఆగస్టులో పౌరహక్కుల కోసం జరిగిన వాషింగ్టన్ మహాప్రదర్శనలో మైకు దగ్గరికి వచ్చి ఒకే ఒక్క మాట అంది, 'స్వేచ్ఛ' అని. అదే ఏడాది ఆమె పాడిన 'నౌ' (ఇప్పుడే) అనే హక్కుల పాటని కొన్ని రేడియో స్టేషన్లు వెయ్యనన్నాయి. రెండేళ్ల తర్వాత క్యూబా దర్శకుడు సాంటియాగో అల్వారెజ్ ఆ పాట మీదే ఒక పొట్టి సినిమా కట్టాడు.

1970, 71 సంవత్సరాల్లో తండ్రి, కొడుకు, భర్త వరసగా పోయారు. కొన్నాళ్లు ఆమె దాదాపు ఎవరికీ కనిపించలేదు. 1980లో వీడ్కోలు యాత్ర అని ప్రకటించి పర్యటన కూడా చేసింది. అందరూ అయిపోయిందనుకున్నారు.

1981 మే 12న బ్రాడ్‌వే నెదర్లాండర్ థియేటర్లో ఆమె ఒంటరి ప్రదర్శన మొదలైంది. అప్పటికి ఇంకొన్ని వారాల్లో అరవై నాలుగు నిండుతాయి. మొత్తం 333 ప్రదర్శనలు, ఒక ప్రత్యేక టోనీ, ఆల్బమ్‌కి గ్రామీ. తన కథ తనే చెబుతూ, పాడుతూ, మధ్యలో కాటన్ క్లబ్ రోజుల అడుగులు వేస్తూ, మేయర్ స్టూడియోని వెక్కిరిస్తూ నడిపింది. ఈ ప్రదర్శనలో 'స్టార్మీ వెదర్' రెండుసార్లు వస్తుంది. మొదటిసారి సినిమా రోజుల ఘట్టంలో, అందంగా, అణకువగా, నలభైల్లో జనం విన్నట్టే. రెండోసారి షో చివరికి వచ్చేసరికి పూర్తిగా వేరు. గొంతు అడుగు నుంచి గరగరమని లేస్తుంది, ఒళ్లంతా వంగుతుంది, ఒక్కో మాటని సాగదీసి, విరిచి, అరిచి, చెమటలు కారుతుండగా పాడుతుంది. రికార్డులో విన్నా ఆ తేడా తెలుస్తుంది. మొదటి పాట బాగుందని చప్పట్లు కొట్టినవాళ్లే రెండోది విన్నాక లేచి నిలబడేవారు. నలభై ఏళ్ల సినిమా విమర్శ చెయ్యాల్సిన పని ఆమె అదే పాట రెండుసార్లు పాడి చేసింది.

ఇంతకీ ఆమె జాజ్ గాయనేనా? కరడుగట్టిన జాజ్ అభిమానులు ఒప్పుకోరు. ఎల్లా ఫిట్జెరాల్డ్‌లా, సారా వాన్‌లా రాగాన్ని విడగొట్టి కొత్తగా అల్లే పని ఆమె పెద్దగా చెయ్యలేదు. తనకి జాజ్ గాయని అన్న బిరుదు తగదని ఆమే అనేది. స్వరకల్పన ఒక్కటే కొలమానమైతే ఆ మాట సరే. కానీ జాజ్ మొదటి నుంచీ ఆటతో పుట్టి పెరిగిన సంగీతం, కాళ్లు కదపడానికే వాయించిన సంగీతం. ఏ దెబ్బకి ముందు ఆగాలి, ఏ దెబ్బ మీద పడాలి అన్న తెలివిడి అందులో సగం విద్య. ఆ సగంలో లీనాకి సాటివచ్చేవాళ్లు కొద్దిమందే. 1990ల్లో, స్ట్రేహార్న్ పోయిన పాతికేళ్ల పైన, ఆయన పాటలతో మళ్లీ రికార్డింగుకి వచ్చింది. న్యూయార్క్ సపర్ క్లబ్‌లో పాడిన కచేరీ ఆల్బమ్‌కి 1996లో ఉత్తమ జాజ్ గాత్రానికి ఇచ్చే గ్రామీ వచ్చింది. అప్పటికి ఆమెకి డెబ్భై ఎనిమిదేళ్లు. బిరుదు తగదని ఆమె అంటే, గ్రామీ వాళ్లు వినలేదన్నమాట.

2010 మే 9న న్యూయార్క్‌లో తొంభై రెండేళ్ల వయసులో చనిపోయింది. 2022 నవంబరులో బ్రాడ్‌వేలోని బ్రూక్స్ అట్కిన్సన్ థియేటర్‌కి లీనా హార్న్ థియేటర్ అని పేరు మార్చారు. బ్రాడ్‌వేలో ఒక నల్లజాతి స్త్రీ పేరున్న థియేటర్ అదే మొదటిది. ఆ పేరు పెట్టే సమయానికి అక్కడ నడుస్తున్నది 'సిక్స్', ఆరుగురు ఆడవాళ్లు షో మొత్తం పాడుతూ ఆడే సంగీత నాటకం.